ప్లగ్ పారేసే ముందు ఒకసారి చూడండి

బండి మిస్సింగ్ కొడుతోందన్నా, పొద్దున్నే ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కావడం లేదన్నా మెకానిక్ చెయ్యి మొదట ప్లగ్ పానా మీదికే వెళ్తుంది. ఊడదీసిన ప్లగ్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తాడు. కొనను వేలితో తుడిచి చూస్తాడు. "మిక్స్చర్ రిచ్ అయింది" అనో, "రింగులు పోయాయి" అనో తేల్చేస్తాడు. ఇంజిన్ విప్పలేదు, ఏ మీటరూ పెట్టలేదు. పక్కన నిలబడ్డ మనకు అది అనుభవం మీద వేసిన ఊహలా అనిపిస్తుంది. కానీ ఆ మాట వెనక గట్టి రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం ఉన్నాయి. వాటి సంగతి కాస్త తెలిస్తే ప్లగ్ మీది రంగును మనమూ చదవగలం. రిపేరు ఖర్చు ఎక్కడ అవసరమో, ఎక్కడ దండగో మనకే తెలుస్తుంది.

పిస్టన్ చూడాలన్నా, వాల్వులు చూడాలన్నా హెడ్ విప్పాలి. ప్లగ్ కొన కూడా వాటితోపాటు అదే మంటలో ఉంటుంది. అయినా అయిదు నిమిషాల్లో చేతిలోకి వచ్చేస్తుంది. లోపల పెట్రోలు ఎలా మండుతోందో, ఆయిల్ ఎటు పోతోందో, వేడి ఎంత పెరిగిందో దాని మీద మచ్చలుగా, పొరలుగా పడిపోయి ఉంటుంది.

రవ్వ పుట్టే సందు

ప్లగ్‌లో ముఖ్యమైన భాగాలు మూడు. మధ్యలో నిలువుగా సెంటర్ ఎలక్ట్రోడ్ ఉంటుంది. దాని చుట్టూ తెల్లటి పింగాణీ. బయట మరలున్న ఇనుప తొడుగు, దాని చివర వంగి ఉండే పక్క ఎలక్ట్రోడ్. పింగాణీ అని మనం పిలిచేది నిజానికి అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్‌ను గట్టిగా కాల్చి చేసిన సిరామిక్. కరెంటును ఆపుతూనే వేడిని బయటికి పంపించే గుణం దానికి ఉంది.

రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సందు మన బళ్లలో సాధారణంగా 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్లు. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు సందును రవ్వ దాటాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. సిలిండర్‌లో నొక్కుకుపోయిన మిశ్రమంలో అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుకే ఇగ్నిషన్ కాయిల్ పది వేల వోల్టులకు పైనే, అవసరాన్ని బట్టి పాతిక వేల దాకా అందించాల్సి వస్తుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక సిలిండర్ సెకనుకు 50 సార్లు మండుతుంది. మండిన ప్రతిసారీ వాయువుల వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, మరుక్షణం చల్లటి మిశ్రమం లోపలికి దూసుకొస్తుంది. ఈ రెండింటికీ తట్టుకోవడమే ప్లగ్ పని.

ఎలక్ట్రిక్ రవ్వతో ఇంజిన్ నడపడం 1860లో ఎటియెన్ లెనోయిర్ గ్యాస్ ఇంజిన్‌లోనే ఉంది. జర్మనీలో బాష్ సంస్థ ఇంజినీరు గోట్లాబ్ హోనోల్డ్ 1902లో హై వోల్టేజ్ మాగ్నెటోనూ దానికి తగిన ప్లగ్‌నూ జోడించాక మోటారు బండికి నమ్మకమైన రవ్వ దొరికింది. మన దేశంలో 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ తయారుచేసిన ప్లగ్‌ను పాత తరం మెకానిక్‌లు "మైకో ప్లగ్" అనేవారు.

అటు 450, ఇటు 850

ప్లగ్ చదవడానికి తాళంచెవి లాంటి విషయం ఉష్ణోగ్రత. పింగాణీ కొన సుమారు 450 డిగ్రీలకు పైన ఉంటే దాని మీద పడిన మసి దానంతట అదే కాలిపోతుంది. అంతకంటే చల్లగా ఉంటే మసి పేరుకుంటుంది. 850 డిగ్రీలు దాటి పైకి పోతే ఎర్రగా కాలిన కొనే మిశ్రమాన్ని అంటించేస్తుంది. రవ్వ రావాల్సిన సమయానికి ముందే మంట మొదలవుతుంది. దీన్నే ప్రీ ఇగ్నిషన్ అంటారు. పిస్టన్‌కు బొక్క పెట్టేసే జబ్బు ఇది.

కొన వేడి ఈ రెండు హద్దుల మధ్యే ఉండాలి. అందుకే ప్లగ్‌లను "హాట్", "కోల్డ్" అని శ్రేణులుగా తయారుచేస్తారు. పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి తొడుగు దాకా రావడానికి దూరం ఎక్కువ, కొన వేడిగానే ఉండిపోతుంది. అది హాట్ ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా హెడ్‌లోకి దిగిపోతుంది. అది కోల్డ్ ప్లగ్. రవ్వ బలానికీ ఈ పేర్లకూ సంబంధం లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఎన్‌జీకే ప్లగ్‌లలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ కోల్డ్. బాష్ ప్లగ్‌లలో అంకె పెరిగేకొద్దీ హాట్. ఎన్‌జీకే సీపీఆర్8ఈఏ-9 అనే ప్లగ్‌లో 8 ఉష్ణ శ్రేణిని చెబుతుంది, చివరి 9 అంటే గ్యాప్ 0.9 మిల్లీమీటర్లు. ఒక కంపెనీ ప్లగ్ తీసి ఇంకో కంపెనీది వేసేటప్పుడు అంకెను అంకెతో పోల్చి వేస్తే తేడా వచ్చేస్తుంది. కంపెనీలు ఇచ్చే సమాన నంబర్ల పట్టిక చూసి వేయాలి.

ఆరోగ్యంగా ఉంటే

అంతా సవ్యంగా ఉన్న ఇంజిన్‌లో పింగాణీ ముక్కు లేత గోధుమ రంగులోనో, బూడిద కలిసిన లేత మట్టి రంగులోనో ఉంటుంది. ఎలక్ట్రోడ్ల అంచులు పదునుగా ఉంటాయి. తొడుగు అంచు మీద పలుచటి పొడి నలుపు ఉన్నా పరవాలేదు.

ఈ రంగు విషయంలో పాత పుస్తకాలు చెప్పేది, ఇప్పుడు కంటికి కనబడేది ఒకటి కావు. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజిన్ నాకింగ్ తగ్గుతుందని కనుక్కున్నాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పెట్రోలులో సీసం ఉండేది. ఆ సీసపు లవణాలే ప్లగ్ మీద చక్కటి రంగు పొర వేసేవి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అది ఆరోగ్యానికి ఎంతో మేలు చేసింది. ప్లగ్ మీద మాత్రం రంగు పలుచబడింది. నేటి పెట్రోలుతో బాగా నడుస్తున్న ఇంజిన్ ప్లగ్ దాదాపు తెల్లగానే కనిపించవచ్చు. పింగాణీ ఎండిపోయి, పెళుసుబారి, బుడిపెలు కట్టనంతవరకు ఆ తెలుపు జబ్బు లక్షణం కాదు. ఎల్‌పీజీ, సీఎన్‌జీ ఆటోల ప్లగ్‌లు కూడా ఇలాగే శుభ్రంగా ఉంటాయి. ఆ వాయువులు మండినప్పుడు మసి చాలా తక్కువ.

పొడి మసి

లాంతరు వత్తి మరీ పైకి ఎత్తితే చిమ్నీ నల్లబడటం పెద్దవాళ్లందరూ చూసిందే. నూనె ఎక్కువ, గాలి తక్కువ. ప్లగ్ మీద మెత్తటి నల్లపొడి కట్టడానికీ అదే కారణం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తగ్గితే పెట్రోలులోని కార్బన్‌కు సరిపడా ఆక్సిజన్ అందదు. మిగిలిపోయిన కార్బన్ మసిగా చేరుతుంది.

మసి వల్ల బండి ఎందుకు ఆగిపోతుందో దగ్గరగా చూద్దాం. కార్బన్ కరెంటును పోనిస్తుంది. పింగాణీ ముక్కు మీద మసి ఒక పొరగా పరుచుకుంటే సెంటర్ ఎలక్ట్రోడ్‌కూ ఇనుప తొడుగుకూ మధ్య ఓ దొంగదారి ఏర్పడుతుంది. కాయిల్‌లో వోల్టేజ్ ఒక్క గుక్కలో పెరగదు, క్షణంలో అతి చిన్న వంతులోనైనా మెట్టుమెట్టుగా పెరుగుతుంది. ఆ పెరిగే వ్యవధిలోనే కరెంటు మసి దారిలో తొడుగులోకి జారిపోతుంటే, సందును దూకడానికి కావాల్సిన వోల్టేజ్ రాదు. రవ్వ రాదు, వచ్చినా బలం ఉండదు. మండని మిశ్రమం ఇంకా మసి తెస్తుంది. అందుకే కారణం తొలగనంతవరకు మసి పట్టిన ప్లగ్ రోజురోజుకూ దిగజారుతుంది తప్ప, దానంతట అది బాగుపడదు.

ఇలాంటి ప్లగ్ కనబడితే ముందు చూడాల్సినవి చవకైనవే. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా? చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా? కార్బ్యురేటర్‌లో ఫ్లోట్ సూది అరిగి పెట్రోలు మట్టం పెరిగిందా? జెట్ మార్చారా? ఇవన్నీ సరిగ్గా ఉంటే రవ్వ బలహీనతను అనుమానించాలి. ప్లగ్ క్యాప్, వైరు, కాయిల్ చూడాలి. అవీ బాగుంటే ఆ ఇంజిన్‌కు మరీ కోల్డ్ ప్లగ్ వేశారేమో పరిశీలించాలి. బండి ఎప్పుడూ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపే తిరుగుతుంటే ఏ లోపమూ లేకపోయినా మసి పట్టవచ్చు. కొన 450 డిగ్రీలకు చేరేలోపే ఇంజిన్ ఆపేస్తున్నామన్నమాట. ఒక మంచి దూరం నడిపితే ఆ మసి చాలావరకు కాలిపోతుంది.

తడి నలుపు

నలుపు కనబడగానే తీర్పు చెప్పకూడదు. వేలితో ముట్టి చూడాలి. పొడిగా రాలితే అది పెట్రోలు కథ. జిడ్డుగా, మెరుస్తూ అంటుకుంటే ఆయిల్ కథ. ప్లగ్ తడిగా ఉండి పెట్రోలు వాసన గుప్పుమంటే అక్కడ మంటే పుట్టలేదని అర్థం. రవ్వ లేకపోవడమో, పదే పదే కిక్ కొట్టి సిలిండర్‌ను పెట్రోలుతో ముంచేయడమో జరిగి ఉంటుంది.

ఆయిల్ జిడ్డు ఉంటే దారులు రెండు. కింది నుంచి పిస్టన్ రింగుల సందుల్లోంచి ఎక్కి రావాలి, లేదా పై నుంచి వాల్వ్ గైడుల పక్కగా, అరిగిన సీళ్లలోంచి దిగి రావాలి. రెండూ ప్లగ్ మీద ఒకేలా కనబడతాయి. ఖర్చులో మాత్రం తేడా చాలా ఉంది. వాల్వ్ సీళ్లు మార్చడం వేరు, బోరు చేయించి పిస్టన్ వేయించడం వేరు.

ఈ రెండింటినీ విడదీయడానికి పొగను గమనించాలి. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలిపొగ వదిలి, తర్వాత తగ్గిపోతే వాల్వ్ సీళ్ల మీద అనుమానం పడాలి. రాత్రి కారిన ఆయిల్ చుక్కలు అప్పుడు కాలాయి. పికప్ ఇచ్చినప్పుడల్లా, ఎత్తు ఎక్కినప్పుడల్లా నీలిపొగ వస్తుంటే రింగుల వైపు చూడాలి. గట్టిగా నిర్ధారించుకోవడానికి కంప్రెషన్ పరీక్ష ఉంది. ప్లగ్ రంధ్రంలో గేజ్ పెట్టి కంప్రెషన్ కొలుస్తారు. తర్వాత సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. రెండోసారి అంకె బాగా పెరిగితే, పోసిన ఆయిల్ రింగుల సందులు మూసిందని, అంటే లోపం రింగుల్లోనో బోరులోనో ఉందని తేలుతుంది. పెరగకపోతే వాల్వులు చూసుకోవాలి.

టూ స్ట్రోక్ బళ్ల లెక్క వేరు. ఆర్‌ఎక్స్ 100 వంటి బళ్లలో ఆయిల్ పెట్రోలుతోపాటే మండాలి, కాబట్టి కొంత జిడ్డు సహజం. ఆయిల్ పాలు ఎక్కువైతే కార్బన్ పోగు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వంతెనలా కట్టి, రవ్వను పూర్తిగా ఆపేస్తుంది. ఆ బళ్లు వాడినవాళ్లు జేబులో ఇంకో ప్లగ్, టూల్ బాక్సులో పానా పెట్టుకు తిరగడానికి కారణం ఇదే.

తెల్లబడ్డ ముక్కు, వెండి చుక్కలు

నలుపు మనల్ని ఆపుతుంది. తెలుపు మనల్ని ఆపదు, బండి బాగానే లాగుతున్నట్టుంటుంది. అందుకే ప్రమాదం ఎక్కువ. పింగాణీ సున్నం వేసినట్టు పాలిపోయి, మీద చిన్న బుడిపెలు, ఎలక్ట్రోడ్ చివర కాలిన నీలి ఛాయ కనబడితే కొన భరించగలిగినంతకు మించి వేడెక్కింది. లోపలికి వచ్చే పెట్రోలు ఆవిరవుతూ కొంత వేడిని లాక్కుంటుంది. పెట్రోలు తగ్గితే ఆ చల్లదనమూ తగ్గుతుంది. పలుచటి మిశ్రమం నిదానంగా మండుతుంది కాబట్టి వేడి ఎక్కువసేపు నిలుస్తుంది.

కారణాలు వెతకాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ రబ్బరు పగిలి దొంగగాలి పీలుస్తోందేమో, జెట్‌లో చెత్త పడిందేమో, ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగిందేమో చూడాలి. ప్లగ్ సరిగ్గా బిగించకపోయినా ఇదే జరుగుతుంది. ప్లగ్ వేడిలో ఎక్కువ భాగం మరల గుండా, వాషర్ గుండా హెడ్‌లోకి పోతుంది. వాషర్ నొక్కుకోకపోతే ఆ దారి మూసుకున్నట్టే. పెట్రోలులో ఇథనాల్ శాతం పెరగడం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. కిలో ఇథనాల్ మండడానికి 9 కిలోల గాలి చాలు. కాబట్టి మామూలు పెట్రోలుకు జెట్ సరిచేసిన పాత కార్బ్యురేటర్ బండిలో 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పోస్తే మిశ్రమం కాస్త పలుచబడుతుంది. ఆ బళ్ల ప్లగ్‌ను అప్పుడప్పుడు తీసి చూడటం మంచిది.

పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు, వాటి మధ్య వెండిలా మెరిసే చుక్కలు భూతద్దంలో కనబడితే ఇక ఆ బండి నడపొద్దు. ఆ మెరుపు పిస్టన్‌దే. మిశ్రమం సాఫీగా మండకుండా ఒక్కసారిగా పేలే డిటొనేషన్ (నాకింగ్) దెబ్బకు అల్యూమినియం కణాలు ఊడి ప్లగ్‌కు అంటుకున్నాయి. పింగాణీ పగలడం, ఎలక్ట్రోడ్ కరిగి ముద్దకావడం దాని తర్వాతి మెట్లు. ఈ దశలో కొత్త ప్లగ్ వేసి పంపించేయడం కంటే పెద్ద తప్పు ఉండదు.

ఇంకొన్ని గుర్తులు

ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అరిగిపోయి, రంగు మాత్రం బాగుంటే అది వయసు. విద్యుత్ క్షేత్రం పదునైన అంచుల దగ్గర బలంగా ఉంటుంది. అంచు అరిగి, సందు పెరిగేకొద్దీ రవ్వకు ఎక్కువ వోల్టేజ్ కావాలి, కాయిల్ మీద భారం పడుతుంది. మార్చేయడమే మందు. ఇరిడియం ప్లగ్‌లు ఎక్కువ కాలం నిలవడానికి కారణం, నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరిగితే ఇరిడియం 2,400 డిగ్రీలు దాటాక గానీ కరగకపోవడం.

తెల్లటి గట్టి బూడిద ముద్దలు ఆయిల్‌లో కలిపే కాల్షియం, జింకు వంటి రసాయనాలవి. ఇటుక రంగు పొర చాలావరకు పెట్రోలులో కలిపిన ఇనుము ఆధారిత రసాయనాలది. కార్లలో ఒక్క సిలిండర్ ప్లగ్ మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉండి, మిగతావి రంగు పట్టి ఉంటే హెడ్ గాస్కెట్ దగ్గర కూలెంట్ లోపలికి కారుతోందేమో చూడాలి.

భయపడనక్కర్లేని మరక కూడా ఒకటుంది. బయటి తెల్ల పింగాణీ మీద, ఇనుప తొడుగుకు సరిగ్గా పైన, లేత గోధుమ రంగు పట్టీ కనబడుతుంది. గ్యాస్ లీకవుతోందని ప్లగ్ మార్చేస్తుంటారు. అది హై వోల్టేజ్ చుట్టుపక్కల గాలిలోని ఆయిల్ తుంపరలను లాక్కోవడం వల్ల పడిన కరోనా మరక. ప్లగ్ పనికి దానితో ఏ ఇబ్బందీ లేదు.

చూసే పద్ధతి

ట్రాఫిక్‌లో పావుగంట ఐడిల్‌లో నిలబడిన బండి ప్లగ్ తీస్తే మసే కనబడుతుంది. అది ఐడిల్ సంగతి చెబుతుంది తప్ప, రోడ్డు మీది సంగతి చెప్పదు. మంచి వేగంలో కొన్ని కిలోమీటర్లు నడిపి, ఐడిల్‌లో ఉంచకుండా ఇంజిన్ ఆపి, చల్లారాక ప్లగ్ తీయాలి. వేడి అల్యూమినియం హెడ్‌లోంచి లాగితే మరలు చెడిపోతాయి. తీసే ముందు ప్లగ్ చుట్టూ దుమ్మును గాలి కొట్టి ఊదేయాలి, లేకపోతే ఆ ఇసుక సిలిండర్‌లో పడుతుంది.

నాలుగు సిలిండర్ల కారైతే ఊడదీసిన ప్లగ్‌లను అదే వరసలో పెట్టడం తప్పనిసరి. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నచోట, అంటే ఎయిర్ ఫిల్టర్‌లోనో, ఇంధన సరఫరాలోనో, సెన్సార్‌లోనో ఉంది. ఒక్కటే తేడాగా ఉంటే లోపం ఆ సిలిండర్‌ది. కలిపి ఒక డబ్బాలో పడేస్తే ఈ సమాచారమంతా పోయినట్టే.

మళ్లీ బిగించేటప్పుడు మొదట వేళ్లతోనే మరలు ఎక్కించాలి. వాషర్ తాకాక, కొత్త ప్లగ్‌కు పానాతో అర చుట్టు. అప్పటికే వాడిన ప్లగ్‌కు చుట్టులో పన్నెండో వంతు చాలు. వైరు బ్రష్‌తో పింగాణీ రుద్దొద్దు, ఆ లోహపు గీతలు కూడా కరెంటుకు దొంగదారులే. ఇరిడియం కొనకు ఏ బ్రష్షూ, ఎమరీ పేపరూ తగలకూడదు.

సెన్సార్లు వచ్చాక కూడా

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 ప్రమాణాలు అమలయ్యాక కొత్త మోటార్‌సైకిళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఆక్సిజన్ సెన్సార్ పొగను కొలిచి, పెట్రోలు ఎంత చిమ్మాలో క్షణక్షణం సరిచేస్తుంది. జెట్ మార్చి ప్లగ్ రంగు చూసుకునే పని దాంతో తగ్గింది. కానీ సెన్సార్ చెప్పేది అన్ని సిలిండర్ల పొగ కలిశాక వచ్చే సగటు. ఏ సిలిండర్ ఆయిల్ తాగుతోందో, ఏ పిస్టన్ మీద వేడి పెరిగిందో అది చెప్పలేదు. స్కానర్ మీద మిస్‌ఫైర్ కోడ్ కనబడితే, ఎందుకు మిస్ అయిందో తేల్చడానికి చివరికి ప్లగ్ తీసి చూడాల్సిందే.

సర్వీసింగ్‌లో ప్లగ్ మార్చామని బిల్లులో రాస్తారు, పాతది చెత్తబుట్టలోకి పోతుంది. జబ్బు ఇంజిన్‌లో ఉంటే కొత్త ప్లగ్ కొన్నాళ్లు నడిపించి, అదే రంగుకు మారుతుంది. ఆలోగా రింగులు ఇంకా అరుగుతాయి, పిస్టన్ ఇంకా కాలుతుంది. కాబట్టి పాత ప్లగ్ అడిగి తీసుకోండి. ఏ సిలిండర్‌దో, ఎన్ని కిలోమీటర్ల దగ్గర తీశారో రాసి పెట్టండి. తర్వాతి సర్వీసులో తీసినదాన్ని దాని పక్కన పెట్టి చూడండి. కిందటిసారి లేత గోధుమ రంగులో ఉన్నది ఈసారి జిడ్డుగా నల్లబడితే, సైలెన్సర్‌లో పొగ రాకముందే రింగుల సంగతి మీకు తెలిసిపోతుంది. చిన్న ఖర్చుతో పోయే లోపాన్ని అక్కడే పట్టుకోవచ్చు.